ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

ఇంటిపన్ను రసీదును మనలో ఎందరు పూర్తిగా చదువుతారు? మొత్తం ఎంతో చూసి, చెల్లించి, మడిచి, రేషన్ కార్డు ఉన్న సంచిలో దాచి మరచిపోతాము. ఆ రసీదులో నీటిపన్ను, దీపాల పన్ను వంటి పద్దుల నడుమ గ్రంథాలయ పన్ను అనే పద్దు ఒకటి ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే సెస్సు అది. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా ఎనభై రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నదన్నమాట. రేకుల కొట్టంలో కుట్టుమిషను వేసుకున్న దర్జీ ఇస్తున్నాడు. పరుపులు కుట్టే దూదేకుల కుటుంబం ఇస్తున్నది. సొంత ఇల్లు లేనివాడు అద్దెలో కలిపి ఇస్తున్నాడు. ఈ పన్నుకు మతం లేదు, మినహాయింపూ లేదు.

ఆ సొమ్ముకు బదులుగా మన చిన్న వ్యాపారికి దక్కుతున్నదేమిటి? ఈ వ్యాసంలో మేము అడగదలచిన ప్రశ్న ఇదే. పాలకులనూ అడుగుతున్నాము, మన జమాత్ పెద్దలనూ అడుగుతున్నాము.

"గ్రంథాలయం చదువుకునే పిల్లల కోసం కదా, అంగడివాడికి అక్కడ ఏం పని?" అనే మాటను మేము ప్రభుత్వ కార్యాలయాలలో ఉద్యోగం చేసిన కాలమంతా విన్నాము, పదవీ విరమణ తరువాత మస్జిద్ అరుగు మీదా వింటున్నాము. అధికారి నోట వచ్చినప్పుడు అది నిర్లక్ష్యం. మన పెద్దల నోట వచ్చినప్పుడు అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే హక్కుదారుడే తన హక్కును వదులుకుంటున్నాడు. గ్రంథాలయంలో ఏముండాలో ఆ గడప తొక్కేవారిని బట్టి నిర్ణయమవుతుంది. పోటీ పరీక్షల అభ్యర్థులు వస్తారు గనుక పోటీ పరీక్షల పుస్తకాలు వస్తాయి. దినపత్రికల కోసం విశ్రాంత ఉద్యోగులు వస్తారు గనుక బల్ల మీద దినపత్రికలు ఉంటాయి. వ్యాపారి రాడు, అతనికి కావలసినదీ రాదు. అతనికి కావలసినది లేదు గనుక అతడు మళ్ళీ రాడు.

రాయలసీమ ముస్లింల బతుకు దేని మీద నడుస్తున్నదో ఈ పత్రిక చదువరులకు చెప్పనవసరం లేదు. కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి ఉన్నది, జొన్న, శనగ, పత్తి పండుతాయి. కానీ మనలో అధికులకు ఆ నేలలో చెక్క కూడా లేదు. దర్జీ పని, పరుపుల పని, మాంసం అంగడి, బిర్యానీ హోటలు, బేకరీ, పంక్చరు షాపు, వెల్డింగు, పాత ఇనుము, తోపుడు బండి మీద పండ్లు, మగ్గం వర్కు, బనగానపల్లె వైపు నాపరాళ్ళ పని. దేశమంతటా ఇదే తీరని జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. నెలజీతపు ఉద్యోగాలలో ముస్లింలు తక్కువ, స్వయం ఉపాధిలో ఎక్కువ, బ్యాంకు అప్పులలో మాత్రం జనాభాకు తగిన వాటా లేదు. ఆ నివేదిక పేరు చెప్పి ఉపన్యాసాలు ఇచ్చినవారు ఎందరో ఉన్నారు. దాని ప్రతి ఒకటి మన ఊరి గ్రంథాలయంలో ఉండాలని అడిగినవారు ఎందరు?

నేటి చిన్న వ్యాపారం చేతి పనితనంతో మాత్రమే నడవదు, కాగితంతో నడుస్తుంది. ఏ పథకానికి ఎవరు అర్హులు, ఏ కమిటీ ముందుకు ఏ దరఖాస్తు పోవాలి, ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలి, ఏ టెండరు ఎప్పుడు వెలువడింది, తిండి పదార్థాలు అమ్మేవాడు ఎక్కడ నమోదు చేసుకోవాలి: ఇవన్నీ ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించిన సంగతులే. రహస్యం ఏదీ లేదు. కానీ ప్రకటించడం ఒకటి, పేదవాడి చేతికి అందడం మరొకటి. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీలో దళారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీ గ్రంథపాలకునిది కావాలని మా వాదన.

మాట గాలిలో చెప్పినట్టు ఉండకూడదు గనుక ఒక ఉదాహరణను తీసుకుని చివరిదాకా చూద్దాము. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం పి.ఎం. విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. అందులో 18 వృత్తులు ఉన్నాయి. పేరు చూసి మనవాళ్ళు ఇది మనది కాదు, ఫలానా కులాలవారిది అనుకున్నారు. అది పొరపాటు. వృత్తిని బట్టే అర్హత, కులాన్ని బట్టి గానీ మతాన్ని బట్టి గానీ కాదు. అయిదారు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ రోజులకు దినానికి అయిదు వందల భత్యం, పనిముట్లకు పదిహేను వేల రూపాయల వరకు సహాయం, ఆ తరువాత కావాలంటే హామీ లేకుండా మొదట లక్ష, అది తీర్చినవారికి రెండు లక్షలు, అయిదు శాతం వడ్డీకి అప్పు. కుటుంబంలో ఒకరికే. ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు లేదు.

ఇప్పుడు ఒక చేతిలో ఆ 18 వృత్తుల జాబితా పట్టుకోండి. మరో చేతిలో 2007లో మన రాష్ట్రంలో బీసీ–ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను పొందిన 14 ముస్లిం వర్గాల జాబితా పట్టుకోండి. హజాములు ఉన్నారు, అక్కడ క్షురక వృత్తి ఉన్నది. ధోబీ ముస్లింలు ఉన్నారు, అక్కడ బట్టలుతికే వృత్తి ఉన్నది. తురక కాశవారు ఉన్నారు, అక్కడ రాళ్ళు కొట్టే వృత్తి శిల్పులతో కలిపి ఉన్నది. దర్జీ పని ఏ ఒక్క వర్గానిదీ కాదు గనుక మన మొహల్లాలలో సగం ఇళ్ళకు అది వర్తిస్తుంది. తాపీ పని, కమ్మరం, తాళాలు బాగుచేయడం కూడా ఉన్నాయి.

అదే జాబితాలో లేనివారిని కూడా చూడండి. ఖురేషీల మాంసం వృత్తి అందులో లేదు. అత్తరు సాయిబులు లేరు. బీసీ–బి జాబితాలో ఉన్న దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాల కులవృత్తి దూది ఏకడం, పరుపులు కుట్టడం, అదీ లేదు. బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవారికి చోటు ఉన్నది, చేపల వలలు అల్లేవారికి ఉన్నది, పూలదండలు కట్టేవారికి ఉన్నది. తరతరాలుగా ఈ సీమలో ఊరూరా దూది ఏకి పడకలు అమర్చినవారికి లేదు. దీని మీద ఒక విన్నపం రాసి, సంతకాలు సేకరించి, జిల్లా కలెక్టరుకూ పార్లమెంటు సభ్యునికీ అందజేయవలసిన పని ఎవరిది? ఆ పని జరగాలంటే ముందు ఆ రెండు జాబితాలు ఒక బల్ల మీద పక్కపక్కన ఉండాలి, వాటిని చూపించి అర్థం చెప్పే మనిషి ఒకడు ఉండాలి. ఆ బల్ల కోసమే కదా మనం రూపాయికి ఎనిమిది పైసలు కడుతున్నది.

రెండవ పథకం పి.ఎం.ఇ.జి.పి., 2008 నుంచి ఉన్నది. అల్పసంఖ్యాకులు ఇందులో ప్రత్యేక వర్గం. తన వంతుగా పెట్టుబడిలో అయిదు శాతం పెడితే చాలు. రాయితీ గ్రామీణ ప్రాంతంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. తయారీ రంగంలో పది లక్షలు, సేవా రంగంలో అయిదు లక్షలు దాటిన యూనిట్లకే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నియమం. అంతకు లోపు బడి ముఖం చూడనివాడైనా అర్హుడే. ఈ ఒక్క వాక్యం తెలియక "చదువు లేదు, మనకెవరిస్తారు" అని వెనుదిరిగినవారిని మేము ఎందరినో చూశాము. మరొక సంగతి: వధించిన మాంసానికి సంబంధించిన వ్యాపారం ఈ పథకపు నిషిద్ధ జాబితాలో ఉన్నది. ఆ సంగతి ముందే తెలిస్తే మాంసం అంగడి పెట్టుకునే కుర్రవాడు దళారికి డబ్బు పోసి, ఆరు నెలలు తిరిగి, చివరకు తిరస్కరణ కాగితం అందుకోవలసిన పని ఉండదు. కాదు అనే జవాబు కూడా సకాలంలో అందితే సహాయమే.

ఈ పథకానికి ప్రాజెక్టు రిపోర్టు కావాలి. దానిని చూసి మనవాళ్ళు బెదురుతారు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషను తన వెబ్‌సైటులో నమూనా ప్రాజెక్టు రిపోర్టులను వృత్తులవారీగా ఉచితంగా ఉంచింది. బేకరీకి ఎంత యంత్రసామగ్రి కావాలి, కుట్టు కేంద్రానికి ఎంత, నెలకు ఖర్చు ఎంత అనే లెక్కలు అందులో ఉన్నాయి. వాటిని అచ్చుతీసి, గుచ్చి, అరలో పెట్టడానికి గ్రంథాలయానికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలు. అదే కాగితానికి బయట మనవాళ్ళు ఇస్తున్నది వేలు. సూక్ష్మ సంస్థల ఉద్యం నమోదు 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. దానికి ప్రభుత్వ రుసుము ఒక్క పైసా లేదు, ఆధార్‌తో స్వయంగా చేసుకోవచ్చు. దానికీ డబ్బు గుంజే కౌంటర్లు ఉన్నాయి. మగ్గం వర్కు చేసుకునే ఒక ఆపా ఆ సర్టిఫికెట్టుకు ఎనిమిది వందలు ఇచ్చానని చెప్పినప్పుడు, అది ఉచితమని ఆమెకు చెప్పడానికి మాకు మనసు రాలేదు. చెప్పాము. "ఎక్కడ రాసుంది భయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా వేలు పెట్టి చూపగల గోడ ఒకటి ఊరిలో ఉండాలి.

ఆ నమోదు ఉంటే వచ్చే లాభం కూడా ఎవరూ చెప్పరు. 2012 నుంచి అమలులో ఉన్న ప్రభుత్వ సేకరణ విధానం ప్రకారం కేంద్ర శాఖలూ, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలూ తమ కొనుగోళ్ళలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. ఆ సంస్థలకు టెండరు పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు. పరుపులు, దుప్పట్లు, యూనిఫారాల కుట్టుపని ప్రభుత్వాలకు నిత్యం కావలసినవే. టెండరు ప్రకటన దినపత్రిక లోపలి పేజీలో చిన్న అక్షరాలతో పడుతుంది. ఆ దినపత్రిక మన గ్రంథాలయం బల్ల మీదే ఉంటుంది, మన సెస్సుతోనే కొన్నది. దానిని రాజకీయ వార్తల కోసం చదివి వెళ్ళేవారే గానీ, ఆ ప్రకటనను కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించేవారు లేరు.

వడ్డీ వ్యవహారం గనుక ఆ దారి తొక్కము అనే ధార్మికులు మనలో ఉన్నారు. వారి నిర్ణయాన్ని మేము గౌరవిస్తాము. కానీ విశ్వకర్మ పథకంలో శిక్షణ భత్యం అప్పు కాదు, పనిముట్ల సహాయం అప్పు కాదు. అప్పు తీసుకోవాలన్న నిర్బంధమూ లేదు. టెండరులో వడ్డీ లేదు, ఉద్యం నమోదులో వడ్డీ లేదు. పైగా బ్యాంకు వడ్డీని తలచుకుని దూరంగా ఉన్న ఇంట్లోనే పొద్దున్నే వచ్చే రోజువారీ ఫైనాన్సు మనిషికి నూటికి ఎంత ముట్టుతున్నదో లెక్క వేసినవారు లేరు. ఆ లెక్క ఎలా వేయాలో చెప్పే చిన్న పుస్తకం కూడా గ్రంథాలయంలో ఉండవలసినదే.

గ్రంథాలయానికి ఇది కొత్త బాధ్యత అని ఎవరైనా అంటే వారికి చరిత్ర తెలియదని మేము అంటాము. అమెరికాలోని నెవార్క్ పట్టణంలో జాన్ కాటన్ డానా అనే గ్రంథపాలకుడు 1904లోనే వ్యాపారుల కోసం ప్రజా గ్రంథాలయ శాఖను ప్రత్యేకంగా తెరిచాడు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీ 2006లో చిన్న వ్యాపారులకు ఒక కేంద్రాన్ని పెట్టింది. సొంతంగా కొనాలంటే తలకు మించిన ఖరీదు ఉండే మార్కెట్ నివేదికలను అక్కడ ఎవరైనా కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు. అంత దూరం ఎందుకు? పుస్తకం ఉన్నది ఉపయోగానికేననీ, పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మమనీ 1931లోనే సూత్రీకరించిన రంగనాథన్ మన పాత మద్రాసు రాష్ట్రంవాడు. ఆయన కృషితో వచ్చిన 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం, అప్పుడు ఆ రాష్ట్రంలో భాగమైన కర్నూలు జిల్లాకు కూడా వర్తించింది. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులోనే. చదువు రాని వయోజనుల కోసం పాటుపడిన ఆయన, గ్రంథాలయం చదువుకున్నవారి కాలక్షేపానికేనని ఏనాడూ తలచలేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పాఠకుల దగ్గరికే తీసుకుపోయారు. జనం రాలేదు గనుక మూసేద్దామని ఆయన అనలేదు.

ఇక వేళల సంగతి. శాఖా గ్రంథాలయాలు సామాన్యంగా పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు పనిచేస్తాయి. ఉద్యోగికీ విద్యార్థికీ అవి అనుకూలమే. అంగడివాడికి సరిగ్గా అవే బేరం నడిచే గంటలు. మధ్యాహ్నం అతనికి తీరిక, గ్రంథాలయానికి తాళం. వారపు సెలవు శుక్రవారం. ఆదివారం ఉద్యోగులకూ పిల్లలకూ తెరిచి ఉంచాలని ఆ ఏర్పాటు చేశారు, అందులో దురుద్దేశం ఏదీ లేదు, ఆ మాట స్పష్టంగా చెబుతున్నాము. కానీ ఫలితం చూడండి. జుమా నమాజుకు అంగడి కట్టి, ఆ పూటకు విశ్రాంతి తీసుకునే ముస్లిం వ్యాపారికి వారంలో తీరిక దొరికేది ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆ రోజే గ్రంథాలయం మూత. సెలవు దినం మార్చమని మేము కోరడం లేదు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న పట్టణాలలో శుక్రవారం మధ్యాహ్నం రెండు మొదలు అయిదు వరకు వ్యాపార సమాచార బల్ల ఒక్కటి తెరిచి, ఆ సిబ్బందికి మరో పూట సెలవు ఇవ్వమంటున్నాము. కార్యాలయ పద్ధతి తెలిసినవారికి ఇది ఒక ఉత్తర్వుతో అయ్యే పని.

స్త్రీల విషయం ఇంతకంటే కష్టం. మన ఇళ్ళలో సంపాదించే చేతులు సగం స్త్రీలవే, మగ్గం వర్కు, కుట్టుపని, పచ్చళ్ళు, సమోసాలు. పురుషులు పత్రికలు పరచుకుని కూర్చున్న హాలులోకి వారు రారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. దీనికి చట్టబద్ధమైన మార్గం మన గ్రంథాలయ వ్యవస్థలోనే ఉన్నది: పుస్తక నిక్షిప్త కేంద్రం. శాఖా గ్రంథాలయం లేనిచోట కొన్ని పుస్తకాలు, పత్రికలు ఒక నమ్మకమైన చోట ఉంచి నడిపే ఏర్పాటు అది. మొహల్లాలోని షాదీఖానాలోనో, ఉర్దూ పాఠశాలలోనో ఒక గది ఇస్తామని జమాత్ ముందుకు వచ్చి జిల్లా గ్రంథాలయ సంస్థను లిఖితపూర్వకంగా అడగాలి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో తాళం వేసి ఉండే షాదీఖానాలు మనకు ఎన్ని లేవు! 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. ఆ గదిలో ఒక ఉర్దూ దినపత్రిక, పథకాల వివరాలు ఉర్దూలోనూ తెలుగులోనూ ఉండాలని అడగడం కూడా హక్కులో భాగమే.

ఇక్కడ మనవారిలోనే ఒక అభ్యంతరం లేస్తుంది. దానిని మేము తేలికగా తీసుకోవడం లేదు, దానిని లేవనెత్తేది చిత్తశుద్ధి గలవారే. "ప్రభుత్వాన్ని దేబిరించడం ఎందుకు? చందాలు వేసుకుని మన గ్రంథాలయం మనమే కట్టుకుందాం. డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల కట్టలేదా?" అంటారు. కట్టారు. ఆ కళాశాల మన ప్రాంతానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు, ఆయన పేరుతో నేడు ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది. కానీ ఆ రోజున కర్నూలు ముస్లింలు కళాశాల పన్ను అని ఒకటి ప్రభుత్వానికి కట్టి, దాన్ని వదిలేసి, మళ్ళీ చందాలు వేసుకోలేదు. లేనిదాన్ని నిర్మించారు. గ్రంథాలయం విషయంలో మనం ఒకసారి డబ్బు కట్టేశాము, ఏటా కడుతూనే ఉన్నాము. మళ్ళీ చందాలతో వేరే గది కట్టుకుంటే ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు ఇచ్చినట్టు. దానికంటే పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ముస్లింలకు వారి గ్రంథాలయం వారికున్నదన్న సాకు పుడుతుంది. పౌర గ్రంథాలయంలో మన కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ బల్ల దగ్గర మన దర్జీ పక్కన కూర్చుని అదే టెండరు చదవవలసిన కంసాలీ, కుమ్మరీ మనకు దూరమవుతారు. వారి అవసరమూ మన అవసరమూ ఒకటే. ఈ కోరికను వారితో కలిసి అడిగితే బలం, వేరుగా అడిగితే బలహీనం. అయిదేళ్ళకు చందాలు ఆగిపోయి, పుస్తకాలకు చెదలు పట్టి, గది అద్దెకు పోయిన ప్రయత్నాలు మనకు తెలియనివి కావు.

చివరగా డబ్బు. పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలన్నది చట్టం. ఆ బకాయిల వార్తలు పత్రికలలో ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాము. ఇంటివారి దగ్గర గ్రంథాలయం పేరు చెప్పి వసూలు చేసి గ్రంథాలయానికి ఇవ్వకపోతే, పుస్తకాలు లేవు, కంప్యూటరు లేదు, సిబ్బంది లేరు అనే జవాబుకు మూలం అక్కడే ఉన్నది. మా కోయిలకుంట్లకు ఖజానాతో పాత అనుబంధమే ఉన్నది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు నిప్పు రాజేసిన వాటిలో ఒకటి, రావలసిన తవర్జీ సొమ్ము గురించిన వివాదం. ఆయన మనుషులు మా ఊరి ఖజానా మీద పడ్డారు, మరుసటి ఏడు ఫిబ్రవరి 22న ఆయనను ఉరి తీసింది కూడా మా ఊరిలోనే. అంత సాహసం ఇప్పుడు ఎవరూ చేయనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి అయిదు రూపాయలు, ఆ పైన పది. తెల్ల కాగితం మీద తెలుగులో రాయవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకుంటే ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు.

అర్జీలో ఆవేశం వద్దు, విమర్శ వద్దు, సలహాలు అసలే వద్దు. అంకెలు మాత్రం అడగండి. పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి: గత అయిదు ఆర్థిక సంవత్సరాలలో ఒక్కొక్క ఏడాదికి గ్రంథాలయ సెస్సు కింద వసూలైన మొత్తం ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసిన మొత్తం ఎంత, జమ చేసిన తేదీలు, చలానా ప్రతులు. జిల్లా గ్రంథాలయ సంస్థకు: మా పట్టణం నుంచి అందిన మొత్తం ఎంత, మా శాఖలో పుస్తకాల కొనుగోలుకు ఖర్చయినది ఎంత, మంజూరైన ఉద్యోగాలు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్లు ఎన్ని, వాటిలో పనిచేస్తున్నవి ఎన్ని. రెండు కార్యాలయాల అంకెలనూ ఒకదాని పక్కన ఒకటి రాసి సరిచూడండి. వ్యత్యాసం ఉన్నచోట మళ్ళీ అడగండి.

ఆ జవాబులు చేతికి వచ్చిన తరువాతే శాఖా గ్రంథపాలకుని దగ్గరకు వెళ్ళాలి, ఆయన మీద ఫిర్యాదుకు కాదు. చాలాచోట్ల ఒక్క మనిషి రెండు శాఖలు చూస్తూ, ఊడ్చేది, తాళం తీసేది, రిజిస్టరు రాసేది తానే అయి నెట్టుకొస్తున్నాడు. ఆయనకు మన జాబితా ఇవ్వాలి: ఒక అర, ఒక నోటీసు బోర్డు, ప్రింటరు, పథకాల మార్గదర్శకాల తెలుగు ప్రతులు, శుక్రవారం మధ్యాహ్నపు బల్ల. ఆ జాబితా మీద దర్జీ, మేస్త్రీ, హజాం, కంసాలి, కుమ్మరి, అందరి సంతకాలూ ఉండాలి, మగ్గం వర్కు చేసే స్త్రీలవి ముందు వరుసలో ఉండాలి. సంతకం రానివారికి వేలిముద్ర చాలు. రంజాన్ వస్తే ఎవరికీ తీరిక ఉండదు గనుక అర్జీలు ఆ లోపే వేయండి. జవాబులు అందినవారు వాటి నకళ్ళు ఈ పత్రిక కార్యాలయానికి పంపితే, ఊరి పేరుతో అంకెలను అచ్చువేయమని సంపాదకులను కోరుతున్నాము. కోయిలకుంట్ల అర్జీ మేము రాసి ఉంచాము. నమూనా కావలసినవారికి దాని ప్రతిని పంపగలము.